అంగిట్లో తెల్లమచ్చ

విశాఖపట్నం,
4 మార్చి 1946

అక్కా,

నిన్ను రెంటచింతల ఆసుపత్రికి మార్చారని నాన్న నర్సరావుపేట నుంచి రాశారు. ఆ ఎండల ఊరికి వేసినందుకు నీ పైవాళ్ళను తిట్టుకుంటూ మూటాముల్లె సర్దుకుంటూ ఉంటావు. నాకు మాత్రం సంతోషంగానే ఉంది. నీతో ఒక పని పడింది.

ఇక్కడ ప్రొఫెసరుగారి దగ్గర నేనేం చేస్తున్నానో నువ్వెప్పుడూ తిన్నగా అడగలేదు, నేనూ చెప్పలేదు. నోట్లో వచ్చే రాచపుండు, అంటే క్యాన్సరు మీద పరిశోధన. ఈ వైపు ఆడవాళ్ళు చాలామంది అడ్డపొగ తాగుతారు. చుట్ట ముట్టించి, నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుంటారు. అలా అయితే గాలికి ఆరదు, చంకలోని పిల్ల మీద నిప్పురవ్వ పడదు, రెండు చేతులా నాట్లు వేసుకోవచ్చు. కొన్నేళ్ళకు అంగిలి మీద తెల్లమచ్చ వస్తుంది. కొందరికి అది మచ్చగానే ఉండిపోతుంది, కొందరికి పుండవుతుంది. ఆ పుండులో చిన్న ముక్క కోసి మైక్రోస్కోపు కింద పెడితే, బారు తీరి ఉండాల్సిన కణాలు బారు తప్పి, ఒకదాన్నొకటి తోసుకుంటూ కండలోకి దిగిపోతూ కనిపిస్తాయి. తరవాత దవడ కింద బిళ్ళలు కడతాయి. అంతవరకూ వచ్చాక మా చేతిలో పెద్దగా ఏమీ ఉండదు.

ఇదంతా చుట్ట వల్లే అని ప్రొఫెసరుగారి నమ్మకం. చుట్టల తారు తీసి ఎలుకల చెవులకు పూయిస్తున్నారు. పూసేది నేనే, కరిపించుకునేదీ నేనే. ఇంకో డాక్టరుగారు ఒప్పుకోరు. మిరపకారం, చాలీచాలని తిండి కారణమంటారు. తేలాలంటే మరో ఊరు చూడాలి. పల్నాటి వాళ్ళలా కారం తినేవాళ్ళు నాకు తెలిసి ఎక్కడా లేరు. నీ దగ్గరికొచ్చే ఆడవాళ్ళ నోళ్ళు టార్చి వేసి చూడు. మచ్చ ఉందా, చుట్ట తాగుతారా, ఈ రెండే అడుగు. చాలు.

నీ తమ్ముడు,
జీవరత్నం


రెంటచింతల,
26 మార్చి 1946

జీవరత్నానికి అక్క దీవెనలు.

నీ ఉత్తరం నాకంటే ముందే వచ్చి కూర్చుంది. నేను దిగింది ఈ నెల రెండో వారంలో. ఎండ గురించి రాయను, రాస్తే కాగితం తడుస్తుంది.

ఆరోగ్యమ్మ అనే ఆమె ఇంట్లో ముందుగది అద్దెకు తీసుకున్నాను. భర్త పోయాడు. కొడుకు శౌరి, కోడలు సుందరి, ఒక బర్రె, కాస్త మిరపచేను. నేను అడుగు పెట్టేసరికి జొన్నన్నంలో ఇంత గొడ్డుకారం కలిపి ముద్ద చేసి నోటికందించింది. నా కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే "ఇది చిన్నపిల్లల కారమే తల్లీ" అంది. అప్పటినుంచి ఆమె నాకు పెద్దమ్మ.

నోరు చూపించమంటే మొదట్లో అందరూ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. "నా నోట్లో ఏముందో మా అత్తనడుగు నర్సమ్మా, బాగా చెబుద్ది" అంది ఒకావిడ. పెద్దమ్మ ముందు తాను తెరిచి, తరవాత అందరినీ అదిలించి కూర్చోబెట్టింది.

ఇక నీ ప్రశ్నలకు జవాబు. మచ్చలున్నవాళ్ళు చానామంది ఉన్నారు. సుందరి వయసు పాతిక దాటదు, ఆ పిల్లకూ ఉంది. చుట్ట సంగతి అడిగితే అందరిదీ ఒకే మాట, "ముట్టమమ్మా" అని. అది నిజమే. ఇక్కడ నేనింతవరకూ ఒక్క ఆడమనిషి చేతిలో చుట్ట చూడలేదు. మగవాళ్ళు మాత్రం తాగుతారు. ఆడవాళ్ళు ఎంతసేపూ పొలమూ, గుడీ. వీళ్ళంతా క్యాతలిక్కులు, శుక్రవారాలు ఒంటిపూట ఉండి సాయంత్రం గుడికి పోతారు. మన బాప్టిస్టు గుళ్ళో నాన్న పొగాకు మీద చేసే ప్రసంగాలు వీళ్ళకు అవసరమే లేదనిపించింది.

పెద్దమ్మకు మచ్చ మధ్యలో పుండు కూడా ఉంది, గోరంత. కారం వల్లేనంటుంది. మీ రెండో డాక్టరుగారి పక్షం అన్నమాట.

అక్క,
ఎలిజబెత్


విశాఖపట్నం,
2 ఏప్రిల్ 1946

అక్కా,

నీ ఉత్తరం ఇక్కడ పెద్ద దుమారమే లేపింది. చుట్ట ఊసే లేని ఊళ్ళో ఇన్ని మచ్చలా! ప్రొఫెసరుగారు కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివారు. రెండో డాక్టరుగారు నన్ను పిలిచి కాఫీ ఇప్పించారు. జులైలో మద్రాసులో డాక్టర్ల సభ ఉంది. ఈ సంగతి అక్కడ చదవమని నన్నే పురమాయించారు. నా పేరు మీద చదివే మొదటి కాగితం ఇది. సంతోషం పట్టలేకుండా ఉన్నాను, నువ్వు ఎంత ఏడిపించినా సరే.

ఆడవాళ్ళకు కారం తగ్గించమని చెప్పు. చుట్టకు దీనితో సంబంధం ఉన్నట్టు లేదు.

మీ పెద్దమ్మ పుండు తడిమితే గట్టిగా ఉందా, మెత్తగా ఉందా? అది రాయలేదు నువ్వు.

జీవరత్నం


రెంటచింతల,
11 ఏప్రిల్ 1946

తమ్ముడూ,

కారం తగ్గించమని పల్నాట్లో చెప్పడమంటే మాటలు కాదు. "కారం మానేస్తే ఇంక తినేదేంది, గడ్డా?" అని పోట్లాటకొచ్చారు. అయినా నా మీద ప్రేమతో పెద్దమ్మ మజ్జిగన్నం తింటోంది, ఆమెను చూసి మరికొందరు. నువ్వు నమ్మవు గానీ, నిన్న మళ్ళీ చూస్తే చాలామంది మచ్చలు పలచబడ్డాయి. సుందరిదైతే వెతుక్కోవాల్సి వచ్చింది. కారం మహిమ రా! నీ కాగితంలో ఇది కూడా రాసుకో, అక్క పేరు వేయకపోతే ఊరుకోను.

"అయితే చుట్టది తప్పు లేదంటాడా మీ తమ్ముడు?" అని పెద్దమ్మ రెండుసార్లు అడిగింది. లేదన్నాడని చెప్పాను. ఎందుకో ఆమె మొహం వెలిగిపోయింది. ఆమెకెందుకు అంత సంతోషమో నాకు అర్థం కాలేదు.

ఆమె పుండు మాత్రం తగ్గలేదు. అంచు గట్టిగా ఉంది. వేలు తగిలితే నెత్తురు వస్తోంది.

ఎలిజబెత్


విశాఖపట్నం,
16 ఏప్రిల్ 1946

అక్కా,

గట్టి అంచు, నెత్తురు. ఇది నాకు నచ్చలేదు. వెంటనే ఆమెను గుంటూరు తీసుకెళ్ళి పెద్ద డాక్టరు చేత చిన్న ముక్క కోయించు. ఫార్మలిన్ సీసాలో వేసి నాకు పంపు. మిగతా వాళ్ళ మచ్చల సంగతి తరవాత.

జీవరత్నం


రెంటచింతల,
22 ఏప్రిల్ 1946

ఒరేయ్ జీవరత్నం,

మద్రాసులో చదవబోయే కాగితం ఆపు. ముందు ఆపు, తరవాత ఈ ఉత్తరం చదువు.

నిన్న వీళ్ళకు పాస్కా పండుగ, అదే మన ఈస్టరు. పొద్దున పూజ అయ్యే వేళకు పెద్దమ్మను పలకరిద్దామని గుడి దగ్గరికి వెళ్ళాను. ఆడవాళ్ళంతా ఉతికిన చీరల్లో బయటికొచ్చి, గోడ నీడన చతికిలబడి, కొంగుముళ్ళు విప్పి చుట్టలు తీశారు. ముట్టించారు. ముట్టించి నిప్పున్న వైపు నోట్లోకి తిప్పుకున్నారు. నోట్లో నిప్పు పెట్టుకునే నవ్వుతున్నారు, పిల్లల్ని కేకలేస్తున్నారు. వాళ్ళ మధ్యలో మా పెద్దమ్మ. పక్కన సుందరి.

"పెద్దమ్మా, ఏంటిది? ముట్టనని చెప్పావే!" అన్నాను.

ఆమె చుట్ట బయటికి తీసి బూడిద రాల్చింది. "తపస్సులో ఎవరన్నా ముడతారా ఏంది? విభూది బుధవారం మానేస్తాం, పాస్కాకి మళ్ళా పడతాం. నువ్వు తపస్సులో వచ్చి అడిగావు, ముట్టమన్నాం. అందులో అబద్ధమేముంది?"

"అంతకు ముందు తాగేవాళ్ళమని ఒక్క ముక్క చెప్పొద్దా?"

"మీ బాప్టిస్టోళ్ళకి చుట్టంటేనే పాపమంట గదా. నీ ముందర ఎందుకులే అనుకున్నాం. మానిన రోజుల్లో మంచోళ్ళం అనిపించుకుంటే తప్పా?"

అదీ సంగతి. మన ఇంట్లో ఈస్టరుకు ముందరి ఆ నలభై రోజుల తపస్సుకాలం పాటించం. నర్సరావుపేటలో పక్కవీధి క్యాతలిక్కులు ఆ రోజుల్లో ఏం మానేస్తారో పుట్టి బుద్ధెరిగి ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు. నేనొచ్చింది తపస్సు మొదలయ్యే ఆ విభూది బుధవారం దాటాక. ఊరంతా మానేసిన రోజుల్లో ఊరిని చూసి, ఊరింతే అనుకున్నాను.

ఇంకొకటి రాయాలి. పెద్దమ్మ అంది కదా, "పుండు లేచిన కాడి నుంచి చుట్ట మీద అనుమానంగానే ఉన్నింది. పాస్కాకి కూడా మళ్ళీ ముట్టకూడదనే అనుకున్నా. మీ తమ్ముడు తప్పు లేదన్నాక బెంగ తీరిపోయిందమ్మా" అని. ఆ మాట ఆమెకు చేరవేసింది నేనే. గుడి ముందరే కూలబడి ఏడ్చాను. పండుగ పూట ఏడుపేంటని ఆమే నన్ను ఓదార్చింది.

ఎల్లుండి రైలుకు గుంటూరు తీసుకెళ్తున్నాను.

ఎలిజబెత్


విశాఖపట్నం,
8 మే 1946

అక్కా,

కాగితం ఆపాను. ప్రొఫెసరుగారి దగ్గరికి వెళ్ళి నీ ఉత్తరం ఉన్నదున్నట్టు చదివి వినిపించాను. తిడతారనుకున్నాను. "మన ఎలుకలు తపస్సు చేయవు కనక వాటితో ఈ చిక్కు రాలేదు" అన్నారు. తరవాత చాలాసేపు ఆలోచించి ఒక మాట చెప్పారు. మచ్చలు పలచబడింది కారం తగ్గించడం వల్ల కాదు, చుట్ట మానడం వల్ల అయి ఉండాలి. అదే నిజమైతే ఇప్పుడు అవి తిరిగి రావాలి. చూసి రాయి. మచ్చ దశలో మానేస్తే వెనక్కి పోతుందని ఇంతవరకూ మా దగ్గర ఎవరూ చూపించలేదు.

నీ సీసా అందింది. ముక్కను పలచగా కోసి, రంగు పట్టించి నేనే చూశాను, తరవాత ప్రొఫెసరుగారు చూశారు. రాచపుండే. సందేహం లేదు.

నీ మొదటి ఉత్తరంలోనే పుండు అన్నావు. ముక్క కోయించమని అప్పుడే రాయాల్సింది. మద్రాసు సభ సందడిలో ఆమె నోటిని పక్కన పెట్టేశాను. చుట్ట మానినంత మాత్రాన ఆమె పుండు మానేది కాదు, అది నాకు తెలుసు. కానీ నా వల్ల ఆలస్యం జరిగింది, అదీ తెలుసు.

ఇక్కడ రేడియం సూదులున్నాయి. పుండు చుట్టూ గుచ్చి కొన్నాళ్ళు ఉంచుతారు. దవడ కింద బిళ్ళలు లేకపోతే ఆశ ఉంది. పంపు. ఆమెకు రాచపుండని చెప్పకు, మామూలు పుండుకు వైద్యమని చెప్పు.

జీవరత్నం


రెంటచింతల,
27 మే 1946

తమ్ముడూ,

మచ్చలు తిరిగొచ్చాయి. సుందరికి వచ్చింది, దాదాపు అందరికీ వచ్చాయి. మీ ప్రొఫెసరుగారికి చెప్పు.

పెద్దమ్మకు చెప్పకు అన్నావు. చెప్పాను. ఒకసారి తెలియక తప్పు మాట చెప్పాను, తెలిసి ఇంకొకటి చెప్పలేను. ఆమె బర్రెకు చిట్టు కలుపుతోంది. కలపడం ఆపలేదు.

"చుట్ట మానేస్తే తగ్గుద్దా?" అంది.

"వాళ్ళకు తగ్గుతుంది. నీకు దానితోనే తగ్గదు పెద్దమ్మా."

బర్రె ముందుకు తొట్టి జరిపింది. "నాదట్టా ఉండనీ. సుందరిది తగ్గుద్దంటావా?"

తగ్గుతుందన్నాను. ఆ సాయంత్రం నా గది ముందు వాకిట్లోకి అందరినీ పిలిపించింది. నా టార్చి తీసుకుని నోరు తెరిచి తన పుండు వాళ్ళకు చూపించింది. కొందరు మొహం తిప్పుకుంటే గదమాయించి మరీ చూపించింది. "ఇది రాచపుండంట. రేడియం పెట్టించుకోను విశాఖపట్నం పోతన్నా. నేనొచ్చిందాకా పాస్కా రాలేదనుకోండి, తపస్సే అనుకోండి. ఎవతన్నా ముట్టించిందా, నా మీద ఒట్టే" అంది. "ఇంత లావు తపస్సు యాడుందే!" అని ఒక ముసలావిడ గొణిగింది గానీ, కొంగులో చుట్టలు తీసి ఆమె ముందర పడేసింది.

శౌరి ఆమెను తీసుకుని బయల్దేరుతున్నాడు. బెజవాడలో రైలు మారతారు. స్టేషనుకు నువ్వే వెళ్ళు. ఆమె ఎప్పుడూ గుంటూరు దాటలేదు.

ఎలిజబెత్


విశాఖపట్నం,
19 ఆగస్టు 1946

అక్కా,

శౌరి పొలం పనులని ఊరికి వచ్చాడు కదా, కొంత చెప్పే ఉంటాడు. సూదులు తీసేశారు. నోరంతా పొక్కింది, గంజి తప్ప దిగడం లేదు. రోజూ సాయంత్రం వెళ్ళి కూర్చుంటున్నాను. మొదటిరోజే ఆమెకు నా తప్పు చెప్పుకున్నాను. "నువ్వేనా చుట్టది తప్పు లేదన్న పిల్లోడివి? మీసాలన్నా సరిగా రాలేదే" అంది. ఆ తరవాత ఆ మాట ఎత్తలేదు. వార్డులో అడ్డపొగ తాగే ఆడవాళ్ళందరినీ పోగేసి రోజూ ఆమె చేసే హడావిడి చూస్తే నవ్వొస్తుంది.

ఆమె చెప్పిందిది, చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను:

"నర్సమ్మా, నేను బాగుండా. ఈడ సముద్రం ఉంది, ఉత్త ఉప్పు గాలి. మీ తమ్ముడు మంచోడే, ఎలకల కంపు కొడతన్నాడు. బర్రె ఈనిందంట, మొదటి పాలు నువ్వు తాగు. సుందరి నోరు చూస్తన్నావా? అది దొంగది, మొగుడి చుట్ట పీకుద్ది. చూడు. ఫాదరుగారికి నా దండాలు."

ఇక ఆమె వినకుండా రాసేది. దవడ కింద ఎడమ పక్క బిళ్ళ తేలింది. కోసి తీసేశారు. దానిలోనూ అదే.

జీవరత్నం


రెంటచింతల,
3 అక్టోబరు 1946

తమ్ముడూ,

నాలుగురోజులు నీ ఉత్తరం ఎవరికీ చూపించలేదు. తరవాత బిళ్ళ సంగతి శౌరికి చెప్పాను.

నోళ్ళు చూశాను. ఒట్టు నిలబెట్టుకున్నవాళ్ళందరికీ మచ్చలు పోయాయి, లేదా పోతున్నాయి. ఇద్దరు ముగ్గురు దొంగచాటుగా తాగుతున్నారు, నోరు చూస్తేనే తెలిసిపోతోంది. సుందరి ఒక్కసారి ముట్టించి, ఏడుస్తూ వచ్చి తనే చెప్పింది. అప్పటినుంచి ముట్టలేదు. ప్రతి ఆదివారం పూజ నుంచి వస్తూ అందరూ నన్నడిగేది ఒకటే, "ఆరోగ్యమ్మ ఎప్పుడొస్తది?" అని. ఏం చెప్పమంటావు?

ఎలిజబెత్


విశాఖపట్నం,
29 నవంబరు 1946

అక్కా,

ఆరోగ్యమ్మగారు మొన్న బుధవారం మధ్యాహ్నం పోయారు. బిళ్ళలు మెడ దాకా వచ్చి, చివరికి ఊపిరి ఆడలేదు. ఫాదరుగారిని పిలిపించాను, ఆమెకు తెలివి ఉండగానే వచ్చి, కడసారి నూనె పూసి అవస్థ అభ్యంగనం ఇచ్చారు. ఇక్కడి క్యాతలిక్కుల సమాధుల తోటలో పెట్టాం. మట్టి వేసినవాళ్ళలో నేనూ ఉన్నాను. మన అమ్మ పోయినప్పుడు చిన్నవాణ్ణి, ఏడుపు రాలేదు. ఇప్పుడు వచ్చింది.

ఒకటి అడుగుతాను. అడగడానికి సిగ్గుగానే ఉంది. జనవరిలో ప్రొఫెసరుగారు స్వయంగా రెంటచింతల వచ్చి ఆ ఆడవాళ్ళ నోళ్ళు చూసి ఫోటోలు తీయిస్తానంటున్నారు. ఆమె పోయిందని తెలిస్తే ఒట్టు తీరిపోయిందనుకుని మళ్ళీ ముట్టిస్తారు, వారాల్లో మచ్చలు వచ్చేస్తాయి. చూపించడానికి మన దగ్గర ఏమీ మిగలదు. శౌరికి చెప్పక తప్పదు. మిగతావాళ్ళకు మాత్రం ఆయన వచ్చి వెళ్ళేదాకా చెప్పకుండా ఉండగలవా? ఇంకెందరికో పనికొస్తుంది.

జీవరత్నం


రెంటచింతల,
9 డిసెంబరు 1946

జీవరత్నం,

నీ ఉత్తరం వచ్చిన సాయంత్రమే అందరికీ చెప్పేశాను. నీ మీద కోపం లేదు. నువ్వడిగినదాంట్లో మంచి ఉందని నాకూ తెలుసు. కానీ వాళ్ళ మనిషి పోయిందని వాళ్ళకు తెలియకుండా, రోజూ వాళ్ళ నోళ్ళలోకి టార్చి వేసి చూడటం నా వల్ల కాదు. అలా తెచ్చుకున్న ఫోటోలు నాకు వద్దు.

నువ్వనుకున్నదీ జరిగింది. ఆ సాయంత్రమే కొందరు ఏడుస్తూ ఏడుస్తూనే ముట్టించారు. నేను వాళ్ళ పక్కనే కూర్చున్నాను.

నిన్న ఆదివారం ఆమె పేరున గుడిలో పూజ చెప్పించాడు శౌరి. నేనూ వెళ్ళి వెనక నిలబడ్డాను. వచ్చి గది తలుపు తీస్తున్నానో లేదో, ఆడవాళ్ళంతా నా వెనకే వాకిట్లోకి వచ్చారు. ఎవరూ పిలవలేదు. ముట్టించినవాళ్ళూ వచ్చారు. "నేను మళ్ళా పట్టా నర్సమ్మా, మొన్నటి నుంచి" అని ముందు చెప్పి, తరవాత నోరు తెరిచారు. ఒక్కరు కూడా దాచలేదు. అందరివీ చూశాను, అవన్నీ వేరే కాగితం మీద రాసి పంపుతున్నాను. జనవరిలో రమ్మను మీ ప్రొఫెసరుగారిని, ఎవరు తాగుతున్నారో ఎవరు మానారో వాళ్ళే చెబుతారు.

చివరికి సుందరి వచ్చింది. నువ్వూ మొదలుపెట్టావా అని అడిగాను.

"అత్తమ్మ వచ్చిందాకా అంది గదా. రాలేదుగా" అంది.

నేల మీద కూర్చుని, ఎండ వైపు తిరిగి నోరు తెరిచింది. టార్చి అక్కర్లేకపోయింది. మచ్చ లేదు. రాసుకో.

అక్క,
ఎలిజబెత్